పంటి బిగువున

అమ్మ కుడి దవడతో నమలడం ఎప్పుడు మానేసిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందట సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు నా కంట పడింది. అరిసెలు వండుతూ, పాకం కుదిరిందో లేదో చూద్దామని చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. వేసుకుని తల కొంచెం ఎడమ పక్కకి వంచింది. చెవిలో నీళ్లు పోతే వంచుతామే, అలా. ముక్క అటు జారేదాకా ఆగి, ఆ పక్కనే మెల్లగా నమిలింది.

"పన్ను నొప్పా అమ్మా?"

"నొప్పేం కాదులే. ఆ పక్క కాస్త జివ్వుమంటుంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీ తమ్ముడు ఇంజినీరింగులో చేరినప్పటి నుంచి."

తమ్ముడు ఇంజినీరింగ్ పూర్తి చేసి అప్పటికే మూడేళ్లు దాటింది. అంటే ఏడేళ్లు. ఏడేళ్లుగా మా అమ్మ ఒక పక్కతోనే తింటోంది. పక్కనే కూర్చుని అన్నం తిన్న నాన్న చూడలేదు, తమ్ముడు చూడలేదు. నేను బడిలో టీచర్‌ని. క్లాసులో పిల్లవాడు కళ్లు చికిలిస్తే చాలు, బోర్డు కనబడటం లేదని పసిగట్టేస్తాను. పండక్కీ పబ్బానికీ వెళ్లి అమ్మ చేతి వంట తిని వచ్చిన నేనూ చూడలేదు.

ఆ ఏడేళ్లలో ఏం చేసిందో తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. మొదట లవంగం. తర్వాత లవంగనూనెలో ముంచిన దూది. ఉప్పు నీళ్లు పుక్కిలించడం. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, పోపుల పెట్టెలో ఆవాల గిన్నె కింద. రాత్రిపూట పోటు ఎక్కువైతే లేచి వరండాలో కూర్చునేదట. తను అటూ ఇటూ కదిలితే నాన్నకు నిద్ర చెడుతుందని. పొద్దున్నే నాలుగు గంటలకే పొలం పని ఉన్న మనిషి కదా అంది. తనకూ నాలుగింటికే తెల్లవారుతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు.

కష్టాన్ని పంటి బిగువున భరించింది అంటాం మనం. చాలా గౌరవంగా అంటాం, ముఖ్యంగా ఆడవాళ్ల గురించి. ఆ నొప్పి పంటిలోనే ఉన్న మనిషి దేన్ని బిగించి భరించిందో నాకు అప్పటిదాకా తట్టలేదు.

టౌన్లో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుర్చీలో వెనక్కి వాల్చి నోటి మీద లైటు వేయగానే అమ్మ అడిగిన మొదటి మాట "ఎంతవుతుంది బాబూ?" ఇంకా ఆ అబ్బాయి ఏ పన్నూ అని కూడా అడగలేదు. ఎక్స్‌రే తీశారు. కింది దవడలో పన్ను నరం దాకా పుచ్చిపోయింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే 7 వేలు, నాలుగుసార్లు రావాలి. పీకేస్తే 600, ఇవాళే అయిపోతుంది. "పీకేయండి" అంది. డబ్బు నేను పెడతానన్నా వినలేదు. "అరవైకి దగ్గరపడ్డాక ఇంకా పళ్లెందుకే" అంది. అంతకు ముందు నెలే చీటీ పాడి 30 వేలు తమ్ముడి చేతిలో పెట్టింది, హైదరాబాద్‌లో ఏదో కోర్సుకని. ఆ 30 వేలు ఇవ్వడానికి ఒక్క క్షణం ఆలోచించలేదు. తన పంటికి 7 వేలు అనేసరికి కుర్చీలోంచి లేవబోయింది.

ఒక పన్నుతో పోలేదు. దాని పక్కది, పైన దానికి ఎదురుగా ఉన్నది, ఇంకోటి. ఏడాదిలో నాలుగు పళ్లు తీయించుకుంది. పై పన్ను తీయించేటప్పుడు పక్కింటి పెద్దావిడ వచ్చి "పై పన్ను పీకిస్తే కళ్లు పోతాయమ్మా" అని భయపెట్టింది. పంటికీ కంటికీ అలాంటి సంబంధం ఏదీ లేదని డాక్టరు చెప్పినా, ఆ భయంతో అమ్మ ఇంకో రెండు నెలలు ఆ నొప్పితోనే గడిపింది.

ఇదంతా అమ్మ కోసం జాలి పడమని రాయడం లేదు. ఎవరికైనా పళ్లు పాడయ్యాయంటే మనం ఠక్కున అడిగే ప్రశ్న ఒకటుంది: "సరిగ్గా తోముకోవా?" డాక్టర్లు అడుగుతారు, టీచర్లం అడుగుతాం, అత్తలు అడుగుతారు. ఆ ప్రశ్న తప్పు చోట అడుగుతున్నామని నా వాదన. పుచ్చిన పన్ను వెనక బ్రష్ ఒక్కటే లేదు. ఇంట్లో ఎవరి నొప్పికి ముందు డబ్బు తీస్తారు, ఎవరు ఆగాలి అన్న వరస ఉంది. ఏ ఊళ్లో పుట్టారు, ఏ బోరు నీళ్లు తాగారు, అమ్మానాన్నలు ఏ ఊరు వలస వెళ్లారు అన్నది ఉంది.

ప్రతి ఇంట్లో ఖర్చుకు ఒక వరస ఉంటుంది. ఎవరూ కాగితం మీద రాయరు గానీ అందరికీ తెలుసు. మా ఇంట్లో అయితే ముందు తమ్ముడి ఫీజు, తర్వాత పురుగుమందుల కొట్టు బాకీ, వడ్డీ, తాతయ్య బీపీ మందులు, నా పురుడు, సారె. ఆ తర్వాతెక్కడో అమ్మ. అందులోనూ పన్ను అన్నిటికంటే చివర. ఎందుకంటే జ్వరమొస్తే మనిషి పడుకుంటుంది, పొయ్యి వెలగదు, ఇల్లు ఆగుతుంది. అందుకని ఆర్‌ఎంపీ డాక్టరునైనా పిలుస్తారు. పన్ను నొప్పితో మనిషి వంట చేయగలదు, పాలు పితకగలదు, పత్తి తీయగలదు. ఇల్లు ఆగని నొప్పిని ఇల్లు పట్టించుకోదు. మా నాన్న చెడ్డవాడు కాదు. అమ్మకు కాలు విరిగినప్పుడు ఆస్పత్రిలో పదిహేను రోజులు పక్కనే ఉన్నాడు. కాలు విరిగితే కనబడుతుంది.

అమ్మ పళ్లకు ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె పుట్టింది కనిగిరి పక్కన పల్లెలో. ముందు పళ్ల మీద అడ్డంగా ముదురు గోధుమ రంగు చారలు, అక్కడక్కడా గుంటలు. గార పళ్లు అంటాం మా వైపు. కొత్తవాళ్లు చూస్తే తోముకోని పళ్లు అనుకుంటారు. కానీ ఎంత తోమినా ఆ గార పోదు, ఎందుకంటే అది పంటి మీద పేరుకున్నది కాదు. పిల్లలకు ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ పళ్లు చిగురు లోపల, దవడ ఎముకలో తయారవుతూ ఉంటాయి. ఆ వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే ఆ లోపంతో వస్తుంది, రంగు తర్వాత ఎక్కుతుంది. అమ్మ మూడేళ్లప్పుడు తాగిన బావి నీళ్లు అరవై ఏళ్లొచ్చినా నోట్లో రాసి ఉన్నాయన్నమాట.

ఇది ఎవరికీ తెలియని విషయమా అంటే కాదు. కనిగిరి, దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆ నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం ఎముకలు బిగుసుకుపోవడానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని 1937లోనే డాక్టర్లు పరిశోధన చేసి ప్రచురించారు. అంతకన్నా ముందే రైతులు తమ ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం చూశారు. అమ్మ పుట్టింది 1966లో. అంటే ఆ బావిలో ఏముందో తెలిశాక దాదాపు ముప్పై ఏళ్లకు పుట్టిన పిల్ల కూడా ఆ నీళ్లే తాగింది. నల్గొండ వాళ్లకు ఈ బాధ ఇంకా బాగా తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో రూపొందిస్తే దానికి నల్గొండ పేరే స్థిరపడింది. ఊరి పేరు ప్రపంచమంతా పాకింది గానీ, ఆ ఊళ్లలో వంగిన నడుములు, గార పట్టిన పళ్లు మాత్రం తరాల పాటు అలాగే ఉన్నాయి.

అమ్మకు రెండు సంబంధాలు పళ్ల వల్లే తప్పిపోయాయట. మూడోసారి పెళ్లిచూపులకు అమ్మమ్మ ముందే చెప్పింది: ఏం అడిగినా తలూపు, పళ్లు కనబడనీకు. నాన్న వాళ్లది గార లేని ఊరు. పెళ్లయ్యాక అమ్మాయి పళ్ల సంగతి తెలిసిందని మా నాయనమ్మ చాలా ఏళ్లు ఎత్తిపొడిచింది. పెళ్లి ఆల్బమ్‌లో అమ్మ ఫొటోలు నలభై దాకా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ పెదవి విడలేదు. చిన్నప్పుడు నేను పకపకా నవ్వితే "నవ్వు నాలుగు విధాల చేటే" అనేది. ఆడపిల్లకు బుద్ధులు చెబుతోందనుకునేదాన్ని. తన అనుభవం చెబుతోందని ఇప్పుడు అర్థమవుతోంది.

నేను పనిచేసే బడి కూడా ఆ వైపే. ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పద్యం అప్పజెప్పమంటే పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని చెబుతుంది. చూసి చదువుతోందని మా తోటి మాస్టారు ఒకాయన కోప్పడ్డారు. పుస్తకం లాక్కుంటే ఒక్క ముక్క రాలేదు. ఖాళీగా ఉన్నప్పుడు నేను పక్కన కూర్చోబెట్టుకుని, నా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి చెప్పమన్నాను. నాలుగు పద్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పళ్లు కనబడతాయన్న భయం తప్ప ఆ పిల్లకు వేరే లోటేమీ లేదు. కొత్తగా వచ్చిన మరో టీచర్ "బాగా తోముకోవాలమ్మా" అని అందరి ముందూ చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. ఆ తర్వాత ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు.

ఇప్పుడు ఊళ్లలో క్యాను నీళ్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. కానీ చేతిలో డబ్బు ఆడే ఇంట్లో తాగడానికీ వంటకీ క్యానే. డబ్బు ఆడని ఇంట్లో తాగడానికి మాత్రం క్యాను, అన్నం, పప్పు, టీ బోరు నీళ్లతో. ఇంకా కింద ఉన్నవాళ్లకు క్యాను వేసవిలోనూ చుట్టాలొచ్చినప్పుడూ మాత్రమే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా పరవాలేదని ప్రమాణాలున్నాయి. కానీ ఒకే వీధిలో మూడిళ్ల పిల్లల పళ్లు మూడు రకాలుగా రావడానికి ఆ ఇళ్ల రాబడి చాలు.

గార ఒక బాధ, పుచ్చు ఇంకో బాధ. మా ప్రాంతం నుంచి హైదరాబాద్‌కీ బెంగళూరుకీ భవనాల పనికి వలసపోయేవాళ్లు చాలామంది. పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి వెళ్తారు. రెండో తరగతిలో అలాంటి బాబు ఒకడున్నాడు. పొద్దున టీలో బిస్కెట్లు ముంచుకుని తింటాడు, అదే టిఫిన్. బడికి వచ్చేటప్పుడు అవ్వ పది రూపాయలు ఇస్తుంది. దాంతో రెండు ప్యాకెట్లు, నాలుగు చాక్లెట్లు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి ఏడిస్తే చక్కెర వేసిన పాలు, తాగుతూ తాగుతూనే నిద్ర. తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, అది తగ్గడానికి అరగంట పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నాడన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నాడన్నది పంటికి ముఖ్యం. పండగనాడు ఒక్కసారి కూర్చుని నాలుగు అరిసెలు తిన్న పిల్లవాడికంటే, రోజంతా జేబులో చాక్లెట్లు పెట్టుకుని తిరిగే పిల్లవాడి పళ్లు తొందరగా పోతాయి.

ఆ అవ్వతో ఈ మాట చెప్పాను. ఆమె తలొంచుకుని "అమ్మా నాయనా దగ్గర లేని బిడ్డ, ఏడిస్తే ఏం జేసేది టీచరమ్మా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె చేతిలో ఉన్న ప్రేమ ఆ పది రూపాయలే. కొడుకు ఫోన్ చేసినప్పుడు పిల్లవాడు ఏడుస్తూ మాట్లాడితే ఆమెకే మాట వస్తుంది. మొక్కజొన్న కోతకు ఆరింటికి వెళ్లి సాయంత్రం వచ్చే మనిషి, ఎనిమిదేళ్ల పిల్లవాడు రాత్రి పడుకునే ముందు పళ్లు తోముకున్నాడా లేదా అని చూడాలంటే తను మెలకువగా ఉండాలి కదా.

పాలపళ్ల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది, దీని గురించి కొంచెం ఓపికగా చెబుతాను. మన ఇళ్లలో పాలపన్ను ఊడితే పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతాం, కొత్తది చక్కగా వస్తుందని. ఊడిపోయే పళ్లే కదా అని వాటికి పుచ్చు పట్టినా పట్టించుకోం. కానీ ఆరేళ్లప్పుడు ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు. ఉన్న పళ్ల వెనకాల, ముందు పళ్ల నడుమ నుంచి లెక్కపెడితే ఆరోదిగా, చప్పుడు లేకుండా, చిగురు చీల్చుకుని వస్తుంది. పై దవడకు రెండు, కింది దవడకు రెండు. ఏమీ ఊడలేదు కాబట్టి ఇంట్లో అందరూ అదీ పాలపన్నే అనుకుంటారు. అదే జీవితాంతం నమలాల్సిన అసలు పన్ను. మా బడిలో నేను చూసిన పుచ్చుల్లో ఎక్కువ దానికే. తొమ్మిదేళ్లకే ఆ పన్ను పీకించుకున్న పిల్లలున్నారు. "ఊడేదే కదా, మళ్లీ వస్తుందిలే" అని వాళ్లమ్మలు ధైర్యంగా ఉన్నారు. అది మళ్లీ రాదు.

బడికి పిల్లల ఆరోగ్యం చూసే బృందం వస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అది. పళ్ల సమస్యలు కూడా వాళ్ల జాబితాలో ఉన్నాయి. వస్తారు, చూస్తారు, చీటీ రాసి ఇస్తారు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ చీటీ పట్టుకుని పెద్దాస్పత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి, రెండు బస్సులు, ఇద్దరికి చార్జీలు, మధ్యాహ్నం తిండి. ఒక్కరోజుతో అయ్యే వైద్యమైతే సరే, మళ్లీ రమ్మంటే మళ్లీ అంతా. చీటీలు చాలామంది ఇళ్లలో క్యాలెండర్ వెనక మేకుకు గుచ్చి ఉంటాయి. పారేయరు పాపం, వెళ్లాలనే ఉంటుంది.

అలవాట్లు కూడా ఇళ్లలోనే పుడతాయి. నాతో ట్రైనింగ్ చేసిన స్నేహితురాలిది శ్రీకాకుళం సముద్రం ఒడ్డు. వాళ్ల అమ్మమ్మ చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేదట. అడ్డపొగ అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో ముఖ్యంగా ఆడవాళ్లలో ఉన్న అలవాటు ఇది. 1960ల్లో పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పదివేల మందిని చూస్తే, నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగిలి, అక్కడ తెల్ల మచ్చలు, పుండ్లు, కొందరికి క్యాన్సర్. బయటివాళ్లకు మూర్ఖత్వంలా కనబడుతుంది. నా స్నేహితురాలు చెప్పింది వేరు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకూడదు, ఒళ్లో పిల్లాడి మీద నుసి పడకూడదు, రెండు చేతులతో పని సాగాలి. అత్త చేస్తుంటే కోడలు నేర్చుకుంది. ఆ ఇళ్లలో ఆడమనిషికి ఆకలిని మరిపించేదీ, కాస్త ఊపిరి తీసుకోనిచ్చేదీ ఆ చుట్ట ఒక్కటే అయినప్పుడు, "మానెయ్" అని గోడ మీద రాస్తే మానేస్తుందా? మా వైపు భవనాల పనికి వెళ్లేవాళ్ల నోట్లో ఖైనీ కూడా అంతే. మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి తెలియకుండా ఉండటానికి వేసుకుంటారు.

ఇంకో సంగతి ఉంది, దాని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ముందు పన్ను సగం విరిగిన ఆడవాళ్లను "ఏమైంది" అని అడిగితే "బోరు దగ్గర జారిపడ్డాను" అంటారు. మా పిల్లల తల్లుల్లో ఇద్దరు ఆ మాటే చెప్పారు. నేను మళ్లీ అడగలేదు. వాళ్లూ నా ముఖంలోకి చూడలేదు.

నోటి బాధలు మనిషి బతుకును ఎంత మారుస్తాయో కొలవడానికి ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు 1994లో 49 ప్రశ్నలు తయారుచేశారు. తర్వాత వాటిని 14కి కుదించారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడతారు. తినడానికి ఇబ్బందిగా ఉందా, రుచి తగ్గిందా, మాట పలకడం కష్టమైందా, తింటూ తింటూ మధ్యలో ఆపేయాల్సి వచ్చిందా, నలుగురిలో సిగ్గుగా అనిపించిందా, ఊరికే చిరాకు పడుతున్నారా, టెన్షన్‌గా ఉంటోందా, రోజువారీ పనులు చేసుకోలేకపోయారా, మొత్తంగా బతుకు మీద తృప్తి తగ్గిందా. ఇలాంటివి. అవి చదువుతుంటే ఒక్కో ప్రశ్నకూ అమ్మ గుర్తొచ్చింది. ఏడేళ్లు ఆవిడ అస్తమానం చిరాకు పడుతోందని మేం నవ్వుకునేవాళ్లం, వయసు మీదపడుతోందిలే అని. పెళ్లిళ్లలో బంతికి కూర్చోకుండా వడ్డనకు నిలబడేది, అందరూ తిన్నాక ఓ మూల కూర్చుని పెరుగన్నం తినేది. ఎంత పనిమంతురాలో అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. ఆ 14 ప్రశ్నల్లో "పళ్లు తోముకుంటున్నారా" అన్నది ఒక్కటీ లేదు.

అమ్మకు షుగర్ ఉంది, ఎనిమిదేళ్లుగా మందులు వాడుతోంది. షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఎనిమిదేళ్లలో ఆమె పాదాలు చూశారు, కళ్లు పరీక్ష చేయించమన్నారు. నోరు తెరవమని ఎవరూ అనలేదు. పైగా పళ్లు పోయేకొద్దీ పల్లీలు, జామకాయ, జొన్నరొట్టె, పచ్చి కూరగాయలు మానేసి మెత్తటి అన్నానికి దిగింది. షుగర్ మనిషి తినాల్సినవి నమలలేదు, నమలగలిగినవి తినకూడదు.

నోరు ఒంటిలో భాగం కాదన్నట్టు వైద్యం ఎలా తయారైందో నాకు మొదట అర్థం కాలేదు. కొంత చరిత్రలో ఉంది. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొట్టమొదటి దంత వైద్య కళాశాల పెట్టినప్పుడే అది వైద్య కళాశాల నుంచి వేరుగా మొదలైంది. మన దేశంలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో 1920లో ప్రారంభించిన కళాశాల కూడా విడిగానే నడిచింది. చదువులు వేరయ్యాయి, ఆస్పత్రులు వేరయ్యాయి, చివరికి డబ్బు లెక్కలూ వేరయ్యాయి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను నిలబెట్టింది, మా బంధువుల్లోనే ఒకరి గుండె ఆపరేషన్ దానివల్ల అయింది. ఆ పథకం పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు. పుచ్చు పంటికి సిమెంటు పెట్టించుకోవడానికో రూట్ కెనాల్‌కో అది పనికిరాదు. మండలంలో పీహెచ్‌సీకి వెళ్తే పళ్ల డాక్టరు ఉండరు. నోటి జబ్బులు ప్రపంచంలో 350 కోట్ల మందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. ఇన్ని కోట్ల మందికి ఉన్న బాధ ఎవరి సొంత ఖర్చు వాళ్లదే అయింది.

ఇంకో లెక్క చెబుతాను. ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన దగ్గర అదే టూత్‌పేస్టు మీద 2025 సెప్టెంబర్ దాకా 18 శాతం జీఎస్టీ ఉండేది. ఇప్పుడు 5కి తగ్గించారు, మంచి పని. (తాగే నీళ్లలో ఎక్కువైతే చెడు చేసే ఫ్లోరైడే, పేస్టులో కొద్దిగా ఉండి పంటికి తగిలితే పుచ్చును ఆపుతుంది. మా వైపు జనం ఫ్లోరైడ్ మాటంటేనే భయపడతారు కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది. పిల్లలు పేస్టు మింగకుండా చూడాలి, వాళ్లకు కొంచెమే వేయాలి.)

ఇవన్నీ చెబితే మా మామయ్య ఒప్పుకోరు. "మా నాన్న వేప పుల్లతో తోముకునేవాడు, ఎనభై ఏళ్లకు చెరకు గడ నమిలాడు, ఇప్పటి వాళ్లకు బద్ధకం" అంటారు. ఆయన మాటలో కొంత నిజముంది. రోజుకు రెండుసార్లు తోముకోవడం చాలా ముఖ్యం, కాదనను. కానీ ఆ తాతగారి రోజుల్లో తీపి అంటే పండగకే. ఇవాళ మా ఊళ్లో ఏ కొట్టు ముందు చూసినా దండలు దండలుగా వేలాడే ప్యాకెట్లు అప్పుడు లేవు. ఇంకొకటి, ఎనభై ఏళ్లకు చెరకు నమిలిన తాత అందరికీ గుర్తుంటాడు. ఆయన భార్య యాభై ఏళ్లకే బోసినోటితో ఉండేదని అదే ఇంట్లో మా అత్తయ్య చెప్పింది. ఐదు కాన్పులు, చాలీచాలని తిండి, అందరూ తిన్నాక మిగిలింది తినడం. ఇద్దరికీ ఒకే చెట్టు వేప పుల్లలు.

బద్ధకం అన్న మాట వినగానే నాకు కోపం రావడానికి కారణం అదే. బద్ధకం అంటే ఆ మనిషి మీదే తప్పు. సిగ్గుపడి నోరు మూసుకుంటుంది. సిగ్గుపడ్డ మనిషి డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్తుంది, ఆలస్యమైతే పన్ను నిలవదు, పీకించుకుంటుంది. మళ్లీ మనమే అంటాం, ముందే రావొచ్చు కదా అని.

బడిలో మేం చేయగలిగింది చిన్నది. మధ్యాహ్న భోజనం అయ్యాక, చిక్కీ ఇచ్చిన రోజైతే మరీ తప్పనిసరిగా, పిల్లలందరూ కొళాయి దగ్గర వరసగా నిలబడి పుక్కిలిస్తారు. ఇద్దరు టీచర్లం కలిసి బ్రష్‌లు కొని పేర్లు రాసి డబ్బాలో పెట్టాం, చిన్న తరగతుల వాళ్లు బడిలోనే ఒకసారి తోముకుంటారు. ఇంటికి ఇస్తే అన్నదమ్ములు ముగ్గురికీ అదే బ్రష్ అవుతుందని తెలిసి బడిలోనే ఉంచాం. పీహెచ్‌సీకి వారంలో ఒక్కరోజైనా పళ్ల డాక్టరు రావాలని, మా ఊళ్ల మీదుగా వెళ్లే బస్సు వేళలకు తగ్గట్టు ఓపీ ఉండాలని గ్రామసభలో అర్జీ పెట్టాం. జవాబు రాలేదు, మళ్లీ పెడతాం. అమ్మకు కిందటి దసరాకు పళ్ల సెట్టు కట్టించాం. డబ్బు నాన్న పెట్టాడు, తనంతట తానే. ఇంకా అలవాటు కాలేదు, అన్నం తినేటప్పుడు పెట్టుకుని ఎవరైనా వస్తే తీసేస్తోంది.

పోయిన వారం ఆ రెండో తరగతి బాబు వాళ్ల అవ్వ బడికి వచ్చింది. మనవణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి నా బల్ల ముందు నిలబెట్టి, "టీచరమ్మా, నువ్వు ఆ రోజు చెప్పినావే, ఊడే పన్ను, ఊడని పన్ను అని. వీడు రాత్రంతా నిద్రపోనీలేదు. ఇది ఏదో చూడు" అంది. ఫోన్‌లో టార్చి వేసి చూశాను. కింద ఎడమ పక్క, మధ్యలో చిన్న నల్లటి గుంట. నడుమ నుంచి వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.

"ఆరోది అవ్వా. ఊడేది కాదు."

ఆమె కొంగు ముడి విప్పి, మడతలు మడతలుగా పెట్టుకున్న చీటీ తీసింది. పోయిన జూలైలో ఇచ్చిన చీటీ. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి అడిగింది.

"సోమవారం పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి తల్లీ?"